సూదికి పెట్టిన సంగటి

నోట్లో సూది పెట్టుకున్న ఆడదానికి బుద్ధి ఉందా అని ఊరంతా అడిగింది. మరి ఆ సూది ఇంకెక్కడ పెట్టుకోవాలి అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. చెప్పడం వచ్చు. కాబట్టి మొదటి నుంచీ చెప్తాను. రాసేవాళ్ళు మర్యాద కోసం నా మాటలు మెత్తబరచకూడదు.

పుణ్యస్త్రీలు సూదులూ పిన్నీసులూ తాళికి తగిలించుకుంటారు. కొందరు గాజులకు తగిలించుకుంటారు. నాకు ఇరవయ్యో ఏటనే తాళి తీసేశారు, గాజులు పగలగొట్టారు. కొంగుకు గుచ్చుకుంటే ఒకసారి జారి మా అత్త కాలికి గుచ్చుకుంది. ఆ రోజు నుంచి, కట్టుకున్న గుడ్డలకు సూది గుచ్చితే చేతులు విరుస్తానని ఆమె కట్టడి పెట్టింది. గోడకు గుచ్చుదామంటే రాతి గోడ. ఇంక మిగిలింది నోరే. ఆ నోరు ఎటూ మూసుకుని ఉండాల్సిందే కదా, సూది పెట్టుకుంటే ఎవరికి అడ్డం?

మాది శెట్ల ఇల్లు. కర్నూలు రోడ్డు మీద, సంత జరిగే ఊళ్ళో బట్టలంగడి. మా ఆయన విషజ్వరంతో పోయినప్పుడు నాకు పిల్లలు లేరు. పుట్టింట్లో పిలిచేవాళ్ళూ లేరు. ఇంట్లో మా అత్త, మా బావ, నేను. బావ అంటే మా ఆయనకు అన్న. తోడికోడలు కాన్పుకని పుట్టింటికి పోయి ఉంది. మా మామ ఎప్పుడో పోయాడు, కాబట్టి మా అత్త కూడా నా మాదిరే ముండమోసిన మనిషే. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

కర్నూలు రాజధాని అయి, ఆఫీసులన్నీ గుడారాల్లో నడుస్తున్నాయని జనం వింతగా చెప్పుకుంటున్న ఏడు అది. అంగట్లో మిగిలిన గుడ్డ పేలికలన్నీ నాకు పడేసేవాళ్ళు. వాటితో బొంతలు కుట్టడం నా పని. ఆ రోజు దశమి. ప్రయాణానికి మంచి రోజని మా బావ సరుకు తేవడానికి కర్నూలుకు బయల్దేరుతున్నాడు. నేను వసారాలో బొంత పరుచుకుని కుడుతున్నాను. ఎదురుగా దూదేకులామె కూర్చుని దూది విదిలిస్తోంది. వాళ్ళ ఇల్లు మా పెరటి గోడకు అవతలే. నాకంటే పదేండ్లు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని.

దారం అయిపోయింది. కొత్త దారం పేనడానికి సూదిని పెదవుల మధ్య పట్టుకున్నాను. చిటికెన వేలిలో రెండు కణుపులంత ఉంటుంది ఆ సూది. అప్పుడే నడవలో నుంచి మా అత్త కేక వేసింది.

"మ్మే, లోపలికి పో. పెద్దోడు బయల్దేర్తాండాడు. ఎదురుగా నువ్వు కూసోనుండావేమే?"

మొగుడు పోయినది ఎదురు వస్తే పోయిన పని కాదంట. ఆరేండ్లుగా వాళ్ళు ఎటు బయల్దేరినా నేను మూల గదిలోకి పరిగెత్తేదాన్ని. అలవాటుగా లేస్తూ, "పోతాండా అత్తా" అందామని నోరు తెరిచాను. నోరు తెరవడం వరకే నా వంతు. సూది గొంతు దిగిపోయింది.

నిలబడిపోయాను. గొంతులో ఒక చోట గీరినట్టయింది, తర్వాత ఏమీ లేదు. దూదేకులామె మాత్రం నా మొహం చూసి దూది వదిలేసి లేచింది. సూది మింగినానని నేను చెప్తే మా అత్త నమ్మలేదు. బొంతంతా విప్పదీయించింది, నా కొంగు దులిపించింది, నాపరాళ్ళ సందులు వెతికించింది. మా బావ గడప దగ్గరే నిలబడి, బయల్దేరిన వేళ చెడగొట్టానని పళ్ళు నూరుతున్నాడు. నేను చస్తానేమో అన్న భయం ఆ ఇంట్లో నాకూ, ఆ పరాయి ఆడమనిషికీ తప్ప ఎవరికీ ఉన్నట్టు లేదు.

సూది దొరకలేదు కాబట్టి చివరికి నమ్మారు. నమ్మగానే మా అత్త లోపలికి పోయి గిన్నె నిండా ఆముదం తెచ్చింది. మా వైపు కడుపులోకి ఏం పోయినా మందు అదే. చిల్లర కాసు మింగిన పిల్లోడికీ ఆముదమే, అజీర్తి చేసిన ముసలాయనకూ ఆముదమే. గిన్నె నా పెదవుల దాకా వచ్చింది. దూదేకులామె చేయి అడ్డం పెట్టింది.

"వద్దు పెద్దమ్మా. ఆముదం పోస్తే పేగు ఉరుకులు పెడతాది. సూది యాడబడితే ఆడ దిగబడతాది. మా మేనత్త ఇట్లనే పరుపు కుడతా మింగింది. రెండు పూట్లు ఆముదం తాపినారు. మూడో నాటికి కడుపు బండ మాదిరి అయి సచ్చిపోయింది. మాది సూదుల ఇల్లు, నాకు తెలుసు. కర్నూలు ఆసుపత్రికి పిల్సుకపోండి."

దూదేకుల దానితో నీతులు చెప్పించుకోవాల్సిన గతి పట్టిందని మా అత్త అనింది. అయినా బావకు భయం తగిలింది. ఇంట్లో శవం లేస్తే పోలీసులు వస్తారని ఆయన భయం. సరే, నా కోసం కాకపోయినా భయపడ్డాడు, అంతే చాలు. ఎదురు రాకూడదని మూలకు తోసిన మనిషితోనే ఒకే బస్సులో కర్నూలు పోవాల్సి వచ్చింది ఆయనకు. ఆయన ముందు కూర్చున్నాడు. నేను, దూదేకులామె వెనక. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె నా కడుపు మీద చేయి అదిమి పట్టేది. దారి పొడుగునా నేను లోపలికి చెవి పెట్టి వింటున్నట్టే ఉన్నాను. సూది ఎక్కడుంది, ఇప్పుడు ఎటు తిరిగింది అని.

ఆసుపత్రిలో కరెంటు ఫొటో తీశారు. ఆ నల్ల రేకును డాక్టరు కిటికీకి అడ్డం పెట్టి చూపించాడు. నా ఎముకలు పొగ మాదిరి ఉన్నాయి. వాటి మధ్య తెల్లగా, తళతళలాడుతూ సూది. దాని బెజ్జం కూడా కనిపించింది. అప్పుడే నాకు ఏడుపు వచ్చింది. అంతవరకూ రాలేదు.

ఆ డాక్టరు కోస్తా వైపు మనిషి. కోపిష్ఠి. కడుపు కోయకుండా చూద్దామన్నాడు. సూది ఇంకా పొట్ట సంచిలోనే ఉంది, చాలా సూదులు వాటంతట అవే బయటికి వస్తాయి, అయితే దాని చుట్టూ చిక్కటి తిండి ఉండాలి, అప్పుడు మొన పేగుకు తగలకుండా ముద్దలో కూరుకుని పోతుంది అని చెప్పాడు. ఆముదం, భేదిమందు ముట్టకూడదు. కడుపులో పోటు వచ్చినా, వాంతి అయినా, జ్వరం వచ్చినా, దొడ్డికి నల్లగా పోయినా ఆ నిమిషమే రావాలి. ప్రతిసారీ వెతికి చూసుకోవాలి. ఇన్నీ చెప్పి, నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా అన్నాడు. రాత్రి తినను సార్ అన్నాను. మొన్న రాత్రి అన్నాడు. మొన్న కూడా తినలేదన్నాను. ఇవాళ పొద్దున అంటే, మధ్యాహ్నం దాకా తినకూడదు, ఇవాళ మధ్యాహ్నం బస్సులో గడిచిపోయింది అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి మా బావ వైపు చూశాడు.

"మా ఇండ్లల్లో అంతే సార్," అన్నాడు మా బావ. "భర్త పోయినోల్లు ఒంటిపూట తింటారు."

"ఆ సంగతి సూదికి తెలియదు కదండీ," అన్నాడు డాక్టరు.

ఖాళీ కడుపులో సూది పెట్టుకుని కూర్చుంది ఈ పిల్ల అని మా బావను తిట్టాడు. రోజుకు నాలుగు పూటలు తినాలన్నాడు. అరటిపండ్లు, ఉడికించిన ఉర్లగడ్డ, చిక్కటి అన్నం. మీ వైపు ముద్ద చేసి పెడతారే, అదేమిటి అని అడిగాడు. సంగటి అని దూదేకులామె చెప్పింది. అదే, అది పెట్టండి, బాగా పెట్టండి అన్నాడు. ఆసుపత్రిలో ఉంచమంటే మా బావ ఒప్పుకోలేదు. విధవ ఆడది పట్నంలో ఒంటిగా ఉంటే నలుగురూ ఏమంటారు అన్నాడు. సూది మింగిన మనిషి గురించి నలుగురూ ఏమంటారు అన్నదే అందరి దిగులూ. ఆరో రోజు మళ్ళీ తెచ్చి చూపించాలని మాట తీసుకుని వదిలాడు డాక్టరు. వదిలేముందు డజను అరటిపండ్లు తెప్పించి తన కళ్ళ ముందే తినమన్నాడు. దీపాలు పెట్టే వేళ. ఆరేండ్ల తర్వాత ఆ వేళకు నా నోట్లోకి తిండి పోయింది. మా బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, ఏదో చూడకూడనిది చూసినట్టు. నేను నాలుగు పండ్లు తిన్నాను. ఐదోది దూదేకులామె ఒలిచి ఇచ్చింది, అది కూడా తిన్నాను.

చత్రంలో పడుకుని మరుసటి పొద్దున బస్సెక్కి ఇంటికొచ్చాం. ఏకాదశి.

మా ఇంట్లో ఏకాదశి నాడు ముండమోసినోళ్ళకు పొయ్యి వెలగదు. మా అత్త నాకంటే నిష్ఠగా ఉండేది, మంచినీళ్ళు కూడా లెక్కపెట్టి తాగేది. డాక్టరు మాట బావ చెప్పాడు. చెప్పి అంగడికి పోయాడు. ఆయన పని అంతటితో అయిపోయింది. మా అత్త మొత్తం విని, ఏకాదశి దాటనీ, ద్వాదశి పారణకు తిందువులే అనింది. ఒక్క దినంలో ఏమవుతుంది అనింది. ఒక్క దినంలోనే సూది అడుగు దిగుతుందని నేను చెప్పాను. దేవుడు కాపాడతాడు, తిండి కాదు అనింది. వంటింటికి తాళం వేసి తాళంచెవి నడుముకు దోపుకుంది. తర్వాత నా ముందు పెట్టింది చూడండి, నిన్నటి ఆముదం గిన్నె. డాక్టరుకేం తెలుసు, ఇది తాగితే రేపటికి కడుపు శుభ్రమవుతుంది, ఉపవాసానికి ఉపవాసమూ అవుతుంది అనింది. పుణ్యమూ మందూ రెండూ ఒకే గిన్నెలో.

దూదేకులామె మేనత్త నాకు గుర్తొచ్చింది. ఎప్పుడూ చూడని మనిషి. ఆమె కూడా ఎవరో పెద్దవాళ్ళు గిన్నె ముందు పెడితే తాగే ఉంటుంది. పెద్దల మాట కాదనకూడదని చిన్నప్పటి నుంచీ విన్నది కదా.

నేను గిన్నె తీసుకుని దేవుని గూటి దగ్గరకు పోయాను. దీపం ప్రమిదలో నిండుగా పోశాను. మిగిలింది పక్క ప్రమిదలో పోశాను. మా అత్త చూస్తూనే ఉంది. దేవుడు కాపాడతాడన్నావు కదా, ఆయనకే పోసినా అన్నాను. ఈసారి నోరు తెరిస్తే మాటే బయటికి వచ్చింది.

తర్వాత పెరటి గోడ దాటి దూదేకులామె ఇంటికి పోయాను. రాగి సంగటి అప్పుడే దించి ఉంది, పొగలు కక్కుతోంది. కట్టెతో గెలికి, చేయి తడి చేసుకుని ముద్ద కట్టింది. శెనగ్గింజల ఊరుబిండి, అదే రోటి పచ్చడి, పెట్టింది. నా ముందు పెట్టి, తినమనకుండా చేయి వెనక్కు తీసుకుంది.

"శెట్టెమ్మా, మా ఇంట్లో తిన్యావంటే నిన్ను ఆ ఇంట్లోకి రానీరు. బాగా ఆలోచన చేసుకో."

"రానీకుంటే బతికుండి బయటుంటా. తినకపోతే ఇంట్లోనే సస్తా," అన్నాను.

"అయితే తిను. ఇది సూదికి పెడతాండా అనుకో, నీకు కాదు."

తిన్నాను. ఆ ముద్ద రుచి ఇప్పుడు కూడా చెప్పగలను. అడుగున కొంచెం మాడిన వాసన, ఊరుబిండి కారానికి ముక్కు కారింది. ముద్ద ముద్దకూ కడుపులో సూది మీద మెత్తటి పరుపు పరిచినట్టు అనిపించింది. రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను.

గోడ అవతల నుంచి మా అత్త చూసింది. చూడకుండా ఎందుకుంటుంది. సాయంత్రానికి పంచాయితీ. ఏకాదశి నాడు, ముండమోసినది, దూదేకులోళ్ళ ఇంట్లో, సంగటి. నాలుగు తప్పులు ఒకే ముద్దలో. పుట్టింటికి పంపుదామన్నా పుట్టిల్లు లేదు. చివరికి మా బావ తీర్పు చెప్పాడు. నేను వంటింట్లోకి రాకూడదు, వాళ్ళ నీళ్ళ బిందె ముట్టకూడదు. పెరట్లో రేకుల కొట్టంలో ఉండాలి. మూడు రాళ్ళు, ఒక మట్టి చట్టి, ఒక పడి కొలత రాగి పిండి ఇస్తారు, నా కూడు నేనే వండుకోవాలి. ఇది నాకు శిక్ష అంట. నేను తల వంచుకుని విన్నాను, నవ్వు కనపడకుండా. ఆరేండ్లలో మొదటిసారి నా చేతికి పొయ్యి వచ్చింది. తాళంచెవి అక్కర లేని పొయ్యి.

ఆ రోజు నుంచి నాలుగు పూటలు తిన్నాను. ఆకలై కాదు, చాలా పూటలు తినబుద్ధి కాక కూడా. గొంతు దాకా ఉన్నా ఇంకో ముద్ద. మూడో రోజు బొడ్డు పక్కన చురుక్కుమంది. పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. పోటు పెరిగితే డాక్టరు దగ్గరకు పోవాలి, ఇంట్లో తీసుకుపోయేవాళ్ళు లేరు. దూదేకులామె వచ్చి పక్కన కూర్చుని, జ్వరముందా అని నొసలు పట్టి చూస్తూ ఉంది. పొద్దు వాలేసరికి తగ్గింది. రోజూ వెతికి చూసుకోవడం ఎట్లా అంటే, పాత చట్టిలో, నీళ్ళు పోసి, పుల్లతో. సిగ్గెందుకు, నా పానం నేను వెతుక్కున్నాను.

ఇక వీధి మాటలు. కర్నూలు ఎందుకు పోయిందో తెలీదా, సూది అంట సూది, కడుపు తీయించుకోవడానికి పోయింది అని మొదలుపెట్టారు. పెరట్లో ఎందుకు పెట్టారు మరి, నాలుగు పూటలు ఎందుకు తింటుంది మరి అని. బొంతలు కుట్టించుకుని కప్పుకున్నవాళ్ళే అన్నారు. మా అత్త వాళ్ళ నోళ్ళు మూయించొచ్చు. ఆముదం గిన్నె తెచ్చిన మనిషికి నిజం తెలుసు. ఒక్క మాట అనలేదు. ఆ ఒక్కటీ నేను ఆమెకు ఇప్పటికీ మాఫీ చేయలేదు.

ఆరో రోజు దూదేకులామెను తోడు తీసుకుని నేనే కర్నూలు పోయాను. బావ రాలేదు. రెండో ఫొటోలో సూది చాలా కిందికి వచ్చేసింది, బెజ్జం వైపు ముందు, మొన వెనక. ఇంకో రెండు మూడు రోజులమ్మా, తిండి ఆపొద్దు అన్నాడు డాక్టరు. నేను మొదటి ఫొటో అడిగాను. ఎందుకమ్మా అన్నాడు. మా వీధిలో చూపించాలి సార్ అన్నాను. ఆయనకు అర్థమయింది. పెదవులు బిగించి, కాగితంలో చుట్టి ఇచ్చాడు.

మరుసటి పొద్దున ఆడవాళ్ళందరూ నీళ్ళ కోసం చేదబావి దగ్గరున్న వేళ నేను ఆ నల్ల రేకు తీసుకుని పోయాను. సూర్యునికి అడ్డం పట్టాను.

"నా కడుపులో ఏముండాదో అడుగుతాండారంట. చూడండి. బాగా చూడండి. బెజ్జం కూడా ఉండాది."

చేదతాడు లాగేవాళ్ళు లాగడం ఆపేశారు. ఒక ముసలామె దగ్గరకు వచ్చి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, ఇన్ని ఎముకలా తల్లీ, కండే లేదు అనింది. సూది గురించి కాదు, నా ఎముకల గురించి. ఆ మాటకు నా చేయి దిగిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున సూది పడింది. నల్లగా, తుప్పు పట్టినట్టు. పుల్లకు తగిలి ఆ పాత చట్టిలో టింగుమనింది. కడిగి, బూడిదతో తోమి, మళ్ళీ కడిగాను. దూదేకులామెను పిలిచి చూపిస్తే ఆమె ఏడ్చింది. నేను కాదు.

మా అత్తకు తెలిసింది. పెరట్లోకి వచ్చింది. వచ్చి, తను అహోబిలం నరసింహస్వామికి మొక్కుకున్నందుకు పడింది అనింది. సరే అనుకున్నాను, దేవుడు చేశాడంటే నాకేం నష్టం. ఆ మొక్కు ఏమిటో అప్పుడు చెప్పింది. సూది పడితే నా కోడలు సంవత్సరం పాటు శనివారాలు కటిక ఉపవాసం ఉంటుంది స్వామీ అని మొక్కుకుందంట. నేను తిని తిని పడగొట్టుకున్న సూదికి, నేను తినకుండా ఉంటానని మొక్కు. ఆ రోజు శనివారమే.

నాకు కళ్ళలో నిప్పులు వచ్చాయి. చట్టిలో సంగటి ఉడుకుతోంది. గెలికే కట్టె చేతిలో ఉంది.

"మొక్కుకున్యది నువ్వు అత్తా. నువ్వే ఉండు. నేను ఈ పూటా తింటా, రాత్రికీ తింటా. సూది పోయినా తింటా. ఈ తొమ్మిది దినాలు సూదికి పెట్టినా. ఇంక నాకు పెట్టుకుంటా."

ఆమె కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. అక్కడే నిలబడి చట్టి వైపు చూసింది. నేను ముద్ద కట్టి పళ్ళెంలో పెట్టుకునేదాకా చూసింది. ఆమె గొంతు ఒకసారి కదిలింది. పదహారేండ్లుగా ఒంటిపూట తింటున్న మనిషి. అప్పుడు నాకు తట్టింది. నా పక్కన ఇంకో పళ్ళెం పెట్టి, రా అత్తా, కూర్చో అన్నాను. ఎగతాళికి అనలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ మొక్కు ఆమే తీర్చింది. సంవత్సరం పాటు శనివారాలు తను ఉపవాసం ఉంది. నేను తిన్నందుకు తను ఎండింది. ఎవరు ఉండమన్నారు ఆమెను? బావ ఉండమనలేదు, వద్దనీ అనలేదు. మూడు పూటలు తిని అంగడికి పోయేవాడు. తర్వాతి చలికాలంలో ఆమె పోయింది. సంవత్సరీకానికి మా బావ గారెలు, పాయసం, నాలుగు కూరలు చేయించి ఆకులో పెట్టి కాకుల కోసం నిలబడ్డాడు. నేను వెనక నిలబడి అడిగాను, బతికున్నప్పుడు రాత్రి పూట ఒక్క ముద్ద ఎందుకు పెట్టలేదు బావా అని. ఆయన వినపడనట్టు కాకులను పిలుస్తూ ఉన్నాడు.

ఆ సూది ఇంకా నా దగ్గరే ఉంది, కొంగుకు గుచ్చుకుని. కట్టడి పెట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. రాసే పిల్ల అడుగుతోంది, ఇంకేమైనా చెప్పాలా అవ్వా అని. చాలు. పొద్దు కుంకింది, ముందు కూడు తినాలి.